బలిపీఠం లేని బలిశాస్త్రం

అగ్ని దహించే ఖుర్బానీని తెచ్చి చూపనిదే ఏ ప్రవక్తనూ విశ్వసించబోమని కొందరు వాదించినట్లు పవిత్ర ఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరా 183వ ఆయత్ తెలుపుతున్నది. వారు మదీనా యూదులని వ్యాఖ్యాతలు చెప్పారు. ఈ షరతు వెనుక గల భావం బోధపడాలంటే యూద ధర్మశాస్త్రంలో బలికి గల స్థానాన్ని తెలుసుకోవాలి.

నేడు లభిస్తున్న తౌరాత్‌లో లేవీయకాండం మొదటి ఏడు అధ్యాయాలూ బలి నియమాలే. దహనబలి, నైవేద్యం, సమాధానబలి, పాపపరిహారార్థబలి, అపరాధపరిహారార్థబలి అని అవి ఐదు విధాలు. కొన్ని పాపాలకు గొర్రెను ఇచ్చుకోలేని పేదవాడు రెండు పావురాలను, అదీ లేనివాడు కొద్దిపాటి పిండిని తెచ్చినా చాలును. ఇవిగాక జాతి అంతటి పక్షాన ప్రతి ఉదయం ఒక గొర్రెపిల్లను, ప్రతి సాయంకాలం మరొక గొర్రెపిల్లను అర్పించాలి.

అయితే దైవం ఎన్నుకొన్న స్థలంలో తప్ప మరెక్కడా బలి అర్పించరాదని ద్వితీయోపదేశకాండం 12వ అధ్యాయం శాసించినది. ఆ స్థలం బైతుల్ మఖ్దిస్ అని యూదుల విశ్వాసం. గెరిజీము కొండ అని సమరీయుల విశ్వాసం. వారు నేటికీ పస్కా బలిని అక్కడే ఇస్తారు. క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ యెరూషలేం ఆలయాన్ని ధ్వంసం చేయడంతో యూదుల బలిపీఠం పోయినది. శాసనం మాత్రం రద్దు కాలేదు.

ఇక వారి పండితులు ఏమి చేశారు? ప్రార్థన వేళలను నిత్యబలి వేళలతో ముడిపెట్టారు. ఆచరణకు వీలులేని నియమాలను అధ్యయనంలో నిలుపుకొన్నారు. ఆలయం కూలిన దాదాపు నూటముప్పై ఏళ్ల తరువాత, సుమారు క్రీ.శ. 200లో, కూర్చిన మిష్నాలోని ఆరు విభాగాలలో ఒకటి ప్రధానంగా బలులను గురించినదే.

12వ శతాబ్దంలో మూసా ఇబ్ను మైమూన్ తన అరబ్బీ గ్రంథం దలాలతుల్ హాయిరీన్‌లో ఒక సాహసోపేతమైన వివరణ ఇచ్చాడు. బలులకు అలవాటుపడిన జనాన్ని విగ్రహాల నుండి ఏకదైవారాధన వైపు మళ్లించడానికే దైవం వాటిని ఉంచాడన్నాడు. అయినా ఆయనే తన ధర్మస్మృతిలో ఆ నియమాలన్నింటినీ ఒక్కటి విడువక క్రోడీకరించాడు. కారణం ఏదైనా, ఆజ్ఞ ఆజ్ఞయే అని ఆయన దృష్టి.

ఇప్పుడు ఆ ఆయత్‌ను మళ్లీ చదవండి. ఆ షరతు పెట్టిన నాటికి వారికి బలిపీఠం లేకుండాపోయి ఐదున్నర శతాబ్దాలు గడిచినవి. అయినా బలి వారి మనసులో సత్యానికి గీటురాయిగానే ఉన్నది. ఖుర్ఆన్ ఆ గీటురాయిని తోసిపుచ్చలేదు. ఆ నిదర్శనాన్నే తెచ్చిన పూర్వ ప్రవక్తలను మరి ఎందుకు చంపారని నిలదీసినది.