నెల్లూరు తీరంలో డాల్ఫిన్ల సంఘజీవనం: వేట విరామమే పరిశోధనకు అదను

1866లో ఇంగ్లిష్ జీవశాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ లండన్ జువలాజికల్ సొసైటీ ప్రచురణలో ఒక డాల్ఫిన్‌ను వర్ణిస్తూ దానికి ‘డెల్ఫినస్ గడము’ అని పేరు పెట్టాడు. గడము అన్నది విశాఖపట్నం జాలర్ల మాట. ఓవెన్‌కు ఆ సామగ్రిని సమకూర్చినవాడు సర్ వాల్టర్ ఎలియట్. అమరావతి స్తూపాన్ని తవ్వించి శిల్పాలను మద్రాసుకు తరలించిన ఎలియట్ ఈయనే. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎరెన్‌బర్గ్ అంతకు ముందే ఎర్రసముద్రం నుంచి వర్ణించిన టర్సియోప్స్ అడంకస్, ఈ గడము ఒకే జాతి అని తర్వాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. తీరానికి దగ్గరగా, లోతు తక్కువ నీళ్లలో బతికే బాటిల్‌నోస్ డాల్ఫిన్ ఇది.

ఈ జాతి సంఘజీవనాన్ని పరిశోధకులు అత్యంత లోతుగా చదివిన చోటు పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే. అక్కడ 1980ల తొలినాళ్లలో రిచర్డ్ కానర్, రేచెల్ స్మోల్కర్ మొదలుపెట్టిన పని ఇప్పటికీ సాగుతోంది. డాల్ఫిన్ల గుంపుకు స్థిరమైన హద్దులుండవు. పొద్దున కలిసి తిరిగినవి మధ్యాహ్నానికి విడిపోయి మరికొన్నిటితో చేరతాయి. ఇంత కదలికలోనూ మగవాటి స్నేహం మాత్రం గట్టిది. రెండో మూడో మగవి జట్టుకట్టి ఒక ఆడదాన్ని వెంటాడి, చెరో పక్కన ఈదుతూ, కొన్నిసార్లు వారాల తరబడి తమ మధ్యే ఉంచుకుంటాయి. అలాంటి జట్లు కొన్ని కలిస్తే నాలుగు నుంచి పద్నాలుగు మగవాటి పెద్ద కూటమి. పోటీ వచ్చినప్పుడు ఈ కూటములు మళ్లీ ఒకదానికొకటి తోడు నిలుస్తాయి. ఒక్కో స్నేహం దశాబ్దాలు నిలిచిన దాఖలాలున్నాయి.

ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి వాటికి ఈలలున్నాయి. ప్రతి డాల్ఫిన్ పసితనంలోనే తనదంటూ ఒక ఈలను ఏర్పరచుకుంటుందని కాల్డ్‌వెల్ దంపతులు 1965లో సూచించారు. స్టెఫనీ కింగ్, విన్సెంట్ జానిక్ 2013లో ప్రకటించిన ప్రయోగంలో, స్కాట్లాండ్ తీరాన ఈలల నకళ్లను నీటిలో వినిపిస్తే, ఏ డాల్ఫిన్ ఈల వినిపిస్తే అదే బదులిచ్చింది. షార్క్ బేలో ఏళ్ల తరబడి జట్టుగా ఉన్న మగవి కూడా దేని ఈలను అది నిలుపుకొంటాయని 2018లో తేలింది. జట్టులో ఉన్నా ఎవరు తోడొచ్చారో, ఎవరు రాలేదో లెక్క ఉంటుందన్నమాట. నన్ను ఎక్కువగా కదిలించే విషయం ఇదే.

నెల్లూరు సముద్రానికి దీనితో ఏమిటి సంబంధం? పెన్నా ముఖద్వారం, మైపాడు, కృష్ణపట్నం, దుగరాజపట్నం ఎదుటి ఆర్మగాన్ ఇసుకమెట్టలు, పులికాట్ ముఖం వరకూ ఈ తీరమంతా లోతు తక్కువ నీళ్లే, అన్నిచోట్లా వలలే. మన ఫైబర్ పడవలకు తోడు తమిళనాడు మరబోట్లు కూడా ఇక్కడికే రావడంతో తగువులు పడని ఏడాది లేదు. ఇన్ని వలల నడుమ బతికే డాల్ఫిన్ సంఘం వలల ప్రభావానికి లోనుకాకుండా ఉంటుందా?

ఉండదని చెప్పే ఉదాహరణ క్వీన్స్‌లాండ్‌లోని మోర్టన్ బేలో ఉంది. అక్కడి డాల్ఫిన్లు ఒకే నీళ్లలో రెండు సంఘాలుగా విడిపోయి ఉన్నాయని చిల్వర్స్, కార్కరాన్ 2001లో ప్రకటించారు. ట్రాలర్ల వెంటపడి మేసేవి ఒకటి, వాటి జోలికి పోనివి మరొకటి. ఈ రెండిటికీ పొత్తు చాలా తక్కువ. తర్వాత ట్రాలర్ల వేట బాగా తగ్గింది. ఆ అడ్డుగోడ చెరిగిపోయిందని ఆన్స్‌మన్ బృందం 2012లో ప్రకటించింది. మనిషి తన వేట తగ్గించుకుంటే డాల్ఫిన్ల చుట్టరికాలే మారాయి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరబోట్లు, మోటారు పడవలు ఒడ్డునే ఉంటాయి. అంటే మోర్టన్ బేలో ఏళ్లమీద జరిగిన మార్పుకు మన దగ్గర ఏటా ఒక చిన్న నమూనా తయారవుతోంది. అయితే ఎండాకాలంలో చేపల సంచారమూ మారుతుంది. నిషేధంలో కనిపించిన తేడా పడవల వల్లా, రుతువు వల్లా అన్న ప్రశ్న వస్తుంది. దీన్ని విడదీసే వీలు ఈ తీరంలో ఉంది. శ్రీహరికోట నుంచి రాకెట్ ప్రయోగం ఉన్న రోజున చుట్టుపక్కల సముద్రంలోకి పడవలను వెళ్లనివ్వరు. ప్రయోగాలు ఒక్క ఎండాకాలంలోనే జరగవు. వేర్వేరు నెలల్లో వచ్చే ఆ చిన్న విరామాలను, 61 రోజుల పెద్ద విరామాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. వీపు రెక్క వెనక అంచున పడిన గంట్లు, చీలికలు, గాట్లు ఏ రెండు డాల్ఫిన్లకూ ఒకేలా ఉండవు. రెక్క నీటిపైకి తేలిన క్షణంలో పక్కనుంచి తీసిన ఫొటో చాలు. ఏ రెక్క పక్కన ఏ రెక్క ఎన్నిసార్లు పడిందో లెక్కిస్తే పొత్తుల పటం తయారవుతుంది. ఒడ్డువారన తిరిగే మూపురం డాల్ఫిన్‌ను దీనితో కలిపేయకుండా జాగ్రత్తపడాలి. దాని వీపు మధ్య ఉబ్బును చూస్తే పోల్చుకోవచ్చు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో అలల పోటుకు ఫొటోలు కుదరవు.

ఈ పటం సంరక్షణకూ అవసరమే. డాల్ఫిన్లు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అయినా వలల్లో చిక్కి చనిపోతూనే ఉన్నాయి. చనిపోయినవాటిని తలల లెక్కన రాసుకోవడం సరిపోదని నా అభిప్రాయం. పిల్ల మూడు నాలుగేళ్లు తల్లి పాలమీద ఉంటుంది. తల్లి చిక్కితే పిల్లా పోయినట్టే. కూటమిలో ఒక మగది పోతే మిగిలినవాటి బలం తగ్గుతుంది. రిజిస్టరులో మాత్రం రెండూ ఒక్కో అంకెగానే ఉంటాయి.

నిషేధ కాలంలో పరిశోధక పడవ కదలాలంటే మత్స్యశాఖ, అటవీశాఖల అనుమతి ముందే తీసుకోవాలి. పడవ నడపడానికి, రెక్కలు గుర్తించడానికి ఆ రెండు నెలలు పని లేక ఒడ్డున ఉండే స్థానిక మత్స్యకారులనే పెట్టుకుని రోజుకూలి ఇవ్వాలి. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే వేట భృతిని ఆ కూలితో ముడిపెట్టి కోత వేయకూడదని అనుమతి పత్రంలోనే రాయించుకోవాలి.