గ్వెన్ మెడ దగ్గర ఆ చిన్న శబ్దం, దోమలపెంట సొరంగం

ఇవ్వాళ ఒక చిన్న శబ్దం దగ్గర మొదలుపెడదాం. 1973 నాటి ఒక కామిక్ పుస్తకంలో, ఒక అమ్మాయి మెడ పక్కన అచ్చేసిన నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. మన భాషలో చెప్పాలంటే "టక్". అంతే. ఆ ఒక్క "టక్" స్పైడర్‌మాన్‌ని యాభై ఏళ్లు వెంటాడింది.

'అమేజింగ్ స్పైడర్‌మాన్' 121వ సంచిక. కవర్ మీద జూన్ 1973 అని ఉంటుంది. కథ రాసింది జెర్రీ కాన్వే, అప్పటికి ఇరవై ఏళ్లు. అంటే మీలో చాలామంది వయసే. బొమ్మలు గిల్ కేన్. గ్రీన్ గాబ్లిన్ అనే విలన్ పీటర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీని బ్రిడ్జి మీద నుంచి కిందికి తోసేస్తాడు. (ఏ బ్రిడ్జి అన్నది ఇప్పటికీ పంచాయితీనే. లోపల రాసింది జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి, గీసింది చూస్తే బ్రూక్లిన్ బ్రిడ్జి లెక్కుంటది.) పీటర్ దారం విసురుతాడు, అది ఆమె కాలికి తగులుతుంది. పట్టేశాననుకుంటాడు. తన భుజం తానే తట్టుకుంటూ పైకి లాగుతాడు. చేతుల్లోకి తీసుకునేసరికి ఆమెలో ప్రాణం లేదు.

పడిపోవడం వల్ల చనిపోయిందా, పట్టుకోవడం వల్ల చనిపోయిందా? గాబ్లిన్ మొదటిదే అంటాడు. కానీ కొన్ని నెలల తర్వాత పాఠకుల ఉత్తరాల పేజీలో సంపాదకుల జవాబు వచ్చింది: దారం ఒక్కసారిగా ఆపిన కుదుపుకే మెడ విరిగిందని. అమెరికాలో జేమ్స్ కకాలియోస్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఈ సీన్ పట్టుకుని పిల్లలకు పాఠమే చెప్పాడు. లెక్క మీరు కూడా ఫోన్లో వేసుకోవచ్చు. 90 మీటర్లు పడితే వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటుతుంది. దాన్ని అర సెకనులో ఆపితే దారం మీద పడే లాగుడు మనిషి బరువుకి తొమ్మిది రెట్ల పైనే. అంటే కాపాడటానికి వచ్చిన చెయ్యే చంపింది. ప్రయత్నం చెయ్యకపోతే ఒక బాధ. చేసిన ప్రయత్నమే తప్పయితే? అది ఇంకో రకం బాధ, దానికి మందు దొరకదు.

ఇక్కడి నుంచే నాకు ఇష్టమైన చరిత్ర మొదలైతది. రచయితలు ఒకరి తర్వాత ఒకరు ఈ పిల్లగాడి గుండె మీద బరువు దించాలని చూశారు. మొదటి దారి పగ. 122వ సంచికలో గాబ్లిన్ తన గ్లైడర్ తగిలి తానే చస్తాడు. పీటర్‌కి ఏ ఊరటా రాదు, ఇంకా ఖాళీగా అనిపిస్తుంది. రెండో దారి 1975లో: గ్వెన్‌కి క్లోన్‌ని తెచ్చి నిలబెట్టారు. అచ్చం ఆమే, కానీ ఆమె కాదు. చివరికి ఆ అమ్మాయి తన దారిన తను వెళ్లిపోతుంది. నా దృష్టిలో అది మోసం లాంటి పని, మళ్లీ మళ్లీ చేశారు కూడా. వదిలేద్దాం. మూడోది చాలా బాగుంటుంది. 2002లో మొదలైన 'స్పైడర్‌మాన్: బ్లూ', రాసింది జెఫ్ లోబ్, గీసింది టిమ్ సేల్. అందులో ఫైటింగ్ కంటే మాటలు ముఖ్యం. ప్రేమికుల రోజున పీటర్ అటక మీద కూర్చుని, టేప్ రికార్డర్‌లో చనిపోయిన గ్వెన్‌తో మాట్లాడతాడు. మన ఇళ్లల్లో పోయినోళ్ల ఫొటో ముందు నిలబడి మాట్లాడినట్టే.

నాలుగోది మీ అందరికీ తెలిసిందే. 2014 సినిమాలో ఆండ్రూ గార్ఫీల్డ్ పీటర్ గడియారం టవర్‌లో గ్వెన్‌ని పట్టుకోలేకపోయాడు. 'నో వే హోమ్' మన దేశంలో 2021 డిసెంబర్ 16న, అమెరికా కంటే ఒక రోజు ముందు వచ్చింది. అందులో ఎంజే ఎత్తు నుంచి పడుతుంటే టామ్ హాలండ్ పీటర్ దూకుతాడు, గాబ్లిన్ వాణ్ని ఈడ్చుకుపోతాడు. అప్పుడు ఆండ్రూ దూకుతాడు. గమనించండి, ఈసారి దూరం నుంచి దారం విసరడు. తానే ఆమెతో పాటు కిందికి వెళ్లి, ఒళ్లోకి తీసుకుని దిగుతాడు. 1973 నాటి లెక్క తప్పుని సినిమా సరిచేసింది. బాగున్నావా అని ఎంజేని అడిగిన మనిషే ఏడుస్తుంటాడు. నేను తెలుగు డబ్బింగ్‌లో చూశాను. అప్పటిదాకా హాల్లో ఈలలు, ఆ రెండు నిమిషాలు ఒక్క చప్పుడు లేదు.

మొదట ఓటమి, తర్వాత ఇంకో అవకాశం, అప్పుడు గెలుపు. సినిమా వరస ఇది. మా పాలమూరు దిక్కు జరిగింది దీనికి తలకిందులు.

2023 నవంబర్ 12న ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగం కూలి 41 మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు. యంత్రాలు మొరాయిస్తే, ఎలుక బొరియల్లా చేత్తో తవ్వే ర్యాట్ హోల్ మైనర్లు చివరి మీటర్లు తవ్వారు. నవంబర్ 28న, 17వ రోజున, 41 మందీ బతికి బయటికొచ్చారు. దేశమంతా వాళ్లను హీరోలన్నది.

2025 ఫిబ్రవరి 22, శనివారం పొద్దున. నాగర్‌కర్నూల్ జిల్లా, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా, దోమలపెంట. శ్రీశైలం ఎడమగట్టు కాల్వ సొరంగం, మనం ఎస్‌ఎల్‌బీసీ అంటాం. కృష్ణా నీళ్లను నల్లగొండకు, ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన ఊళ్లకు తీసుకుపోవాలని తవ్వుతున్నది. మొత్తం దాదాపు 44 కిలోమీటర్లు, పైన అమ్రాబాద్ పులుల అడవి. మూతి నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీళ్లు, బురద, రాళ్లు. చాలామంది బయటికి పరుగెత్తారు. ఎనిమిది మంది ఆగిపోయారు: ఇంజనీర్లు, ఆపరేటర్లు, కూలీలు. ఉత్తరప్రదేశ్, జమ్మూకశ్మీర్, పంజాబ్, జార్ఖండ్ వాళ్లు.

సైన్యం వచ్చింది, నేవీ వచ్చింది, ఎన్‌డీఆర్‌ఎఫ్, సింగరేణి రెస్క్యూ వాళ్లు వచ్చారు. కేరళ నుంచి శవాల జాడ పట్టే పోలీసు కుక్కలొచ్చాయి. సిల్క్యారాలో పనిచేసిన ర్యాట్ హోల్ మైనర్లూ వచ్చారు. అంతకుముందు గెలిచినోళ్లు కదా, జనం ఆశ పెట్టుకున్నారు. కానీ సిల్క్యారాలో శిథిలాల అవతలి మనుషులు బతికున్నారు, పైపు ద్వారా అన్నం పోయింది, మాట వినిపించింది. ఇక్కడ పిలిస్తే పలికే గొంతు లేదు. తవ్వుతుంటే నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. సగం దారికి బురదలో బోరింగ్ మిషన్ ఇనుప ముక్కలు. మార్చి 9న ఒక మృతదేహం, మార్చి 25న ఇంకొకటి దొరికాయి. చివరి భాగం తవ్వితే మళ్లీ కూలుతుందన్నారు. ఏప్రిల్‌లో గాలింపు ఆపారు. ఆరుగురు లోపలే ఉండిపోయారు.

ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పాలమూరు లేబర్ అనే పేరు మనకు ఊరికే రాలేదు. దేశంలో డ్యాములకు, కాల్వలకు మట్టి మోసింది మన తాతలే. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలి బస్సెక్కేవాళ్లు. దూరంలో ఎక్కడో మట్టి కూలి పోయినోళ్ల కబురు కోసం ఇంటి ముందు కూర్చోవడం అంటే ఏంటో మన ఊళ్లకు తెలుసు. ఇప్పుడు మన జిల్లాలో, మన నీళ్ల కోసం తవ్వుతూ, జార్ఖండ్ పిల్లలు పోయారు. వాళ్ల ఊళ్లో కూర్చున్నోళ్లకి అంత్యక్రియలకు శరీరం కూడా దక్కలేదు. పరిహారం చెక్కు వస్తది, కానీ అస్థికలు?

మళ్లీ 122వ సంచికకు వస్తాను. దాని చివరి పేజీ చాలామంది మర్చిపోతారు. గ్వెన్ పోయాక మేరీ జేన్ పీటర్ ఇంటికి వస్తుంది. అప్పటిదాకా ఆమె సరదా మనిషి, దేన్నీ పట్టించుకోదు. పీటర్ కోపంతో నోటికొచ్చినట్టు అని, వెళ్లిపొమ్మంటాడు. ఆమె తలుపు దాకా వెళ్తుంది. తలుపు తీస్తుంది. ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత తలుపు మూస్తుంది, కానీ లోపలి నుంచి.

సొరంగంలో నెలకు పైగా బురద తోడినోళ్లు కూడా ఇళ్లకు తిరిగి వెళ్లే ఉంటారు. వాళ్లు వెళ్లిన రోజు ఏ కెమెరా లేదు.