వడ్డించేవాడు మనవాడైతే: ఒక టికెట్ల కంప్యూటరు చరిత్ర

పీఎన్నార్ అన్న మాట తెలియని తెలుగు ఇల్లు ఈనాడు అరుదు. రైలు టికెట్టు మీద పది అంకెల సంఖ్యగా అది మనకు పరిచయం. ఆ పేరు మాత్రం రైళ్ళది కాదు, విమానాలది. 'ప్యాసింజర్ నేమ్ రికార్డ్' అన్న మూడు మాటలకు అది పొడి అక్షరాలు. ప్రయాణికుని పేరును అతని సీటుతో ముడివేసి ఒకే చోట భద్రపరచిన పద్దు అని దాని అర్థం. వినడానికి ఇందులో విశేషమేముందనిపిస్తుంది. కాని ఆ ముడి వేయడానికి ఒక విమాన సంస్థకూ, ఒక కంప్యూటర్ల సంస్థకూ కలిసి దాదాపు పదేళ్ళు పట్టింది. వ్యాపార సాఫ్టువేరు రాసి పొట్ట పోసుకునే నా వంటివారికి ఆ కథ వంశచరిత్ర వంటిది. అందులో పూర్వార్ధం చదివితే గర్వం కలుగుతుంది. ఉత్తరార్ధం చదివితే తల కొంచెం వంగుతుంది. రెండూ చెప్పుకోవాలి.

విమానంలో సీటు ఆకుకూరకంటే త్వరగా చెడిపోయే సరుకు. ఆకుకూర సాయంత్రానికి వాడుతుంది, సగం ధరకైనా అమ్ముకోవచ్చు. విమానం తలుపు మూసిన క్షణాన ఖాళీగా మిగిలిన సీటుకు మాత్రం విలువ సున్నా. పోనీ అని ఉన్నవాటికంటే ఎక్కువ అమ్మితే, టికెట్టు చేతబట్టుకున్న మనిషిని గుమ్మం దగ్గర ఆపవలసి వస్తుంది. కనుక విమాన వ్యాపారానికి ఎగరడం ఎంత ముఖ్యమో లెక్కా అంత ముఖ్యం.

1950ల నాటికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థలో ఈ లెక్క కాగితపు అట్టల మీద నడిచేది. గుండ్రంగా తిరిగే ఒక బల్ల, దానిలో ఒక్కొక్క విమానానికి ఒక్కొక్క అట్ట, చుట్టూ ఎనిమిది మంది గుమస్తాలు. ఫోను రాగానే బల్ల తిప్పి, అట్ట వెదికి, సీటు ఉంటే గుర్తు పెట్టేవారు. ఒక ప్రయాణం ఖాయం చేసి టికెట్టు రాసి ఇచ్చేసరికి సగటున గంటన్నర, ఒక్కొక్కప్పుడు మూడు గంటలు కూడా పట్టేది. పని పెరిగింది కదా అని మనుషులను పెంచడానికీ వీలులేదు, ఆ బల్ల చుట్టూ ఎనిమిది మందికంటే పట్టరు!

ఆ సంస్థ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1946లో బోస్టన్‌లో 'రిజర్వైజర్' అనే విద్యుద్యంత్రాన్ని, 1952లో న్యూయార్కులో అయస్కాంతపు డ్రమ్ము మీద అంకెలు నిలుపుకొనే దాని తమ్ముణ్ణి ప్రవేశపెట్టింది. ఇవి సీట్లు ఎన్ని మిగిలాయో ఇట్టే చెప్పగలిగేవి. కాని ఆ సీట్లు ఎవరివో వాటికి తెలియదు. పేర్లు యథాప్రకారం కాగితాల మీదే ఉండేవి. అంకె ఒకచోట, మనిషి మరొకచోట ఉంటే రెండింటికీ పొత్తు కుదరకపోవడం సహజం. గిడ్డంగి పద్దు ఒకటి, దుకాణం పద్దు మరొకటి రాసే ఏ వ్యాపారికైనా ఈ బాధ తెలిసినదే.

ఇంతలో జెట్టు విమానం వచ్చింది. 1959 జనవరి 25న అమెరికన్ ఎయిర్‌లైన్స్ న్యూయార్కుకూ లాస్ ఏంజిలిస్‌కూ మధ్య బోయింగ్ 707లు నడపడం మొదలుపెట్టింది. విమానం పెద్దదయింది, వేగం పెరిగింది. ఖండం ఈ దరినుంచి ఆ దరికి అయిదారు గంటల్లో చేర్చగలిగే సంస్థ, ఆ టికెట్టు రాయడానికి గంటన్నర తీసుకోవడం ఎంత ఎబ్బెట్టు!

ఈ ముప్పును ఆ సంస్థ ముందే పసిగట్టింది. 1953లో దాని అధ్యక్షుడు సి. ఆర్. స్మిత్, ఐబీఎం ఉద్యోగి బ్లెయిర్ స్మిత్ ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో కూర్చున్నారు. ఇంటిపేరు ఒకటే కావడంతో మాట కలిసింది, మాట పనిలోకి దిగింది. కథగా చెప్పుకోవడానికి ఈ పరిచయం ముచ్చటగా ఉంటుంది కాని, అసలు పునాది వేరే చోట ఉంది. ఆ రోజుల్లో ఐబీఎం అమెరికా వైమానిక దళం కోసం 'సేజ్' అనే గగన రక్షణ వ్యవస్థకు కంప్యూటర్లు నిర్మిస్తున్నది. దూరదూరాల రాడార్ల సమాచారం టెలిఫోను తీగల మీద వచ్చి కంప్యూటరులో పడుతుంది, తెర ముందు కూర్చున్న మనిషి అప్పటికప్పుడు ప్రశ్నించి జవాబు పొందుతాడు. కంప్యూటరంటే పగలంతా కార్డులకు చిల్లులు పొడిచి రాత్రికి జమాఖర్చులు తేల్చుకొనే యంత్రమని లోకం అనుకుంటున్న కాలమది. శత్రు విమానాలను కనిపెట్టడానికి పుట్టిన ఉపాయమే ఖాళీ సీట్లను కనిపెట్టడానికీ పనికివచ్చింది. 'సేబర్' అనే పేరులో కూడా ఆ 'సేజ్' ఛాయ కనిపిస్తుంది.

న్యూయార్కు రాష్ట్రంలోని బ్రయర్‌క్లిఫ్ మేనర్ అనే ఊళ్ళో రెండు ఐబీఎం 7090 యంత్రాలను నిలబెట్టారు. ఒకటి పనిచేస్తుంటే రెండవది తోడుగా సిద్ధంగా ఉంటుంది. ఒక్కొక్క యంత్రానికి ఉన్న ప్రధాన జ్ఞాపకశక్తి 32,768 పదాలు, ఒక్కొక్క పదానికి 36 బిట్లు. ఈనాటి కొలతలో అది ఒకటిన్నర లక్షల బైట్లకు కూడా కాస్త తక్కువే. మన జేబులోని ఫోను తీసే ఒక్క ఫొటోకు అది చాలదు. అంత ఇరుకు ఇంట్లో దేశమంతటి విమానాల, ప్రయాణికుల సంసారాన్ని సర్దారు. 1960లో ప్రయోగాలు మొదలై, 1964 నాటికి ఆ సంస్థ రిజర్వేషన్లన్నీ దాని కిందికి వచ్చాయి. ఖర్చు సుమారు 4 కోట్ల డాలర్లు. గంటన్నర పని క్షణాలలోకి దిగింది.

ఇక్కడ ఘనత దేనిది? యంత్రానిది అంటే నేను ఒప్పుకోను. వేగం యంత్రానిదే. కాని పేరు, ఫోను నెంబరు, సీటు, తర్వాత ఎక్కవలసిన విమానం, వీటన్నింటినీ ఒకే పద్దుగా చూడాలన్న ఆలోచన దానిని రాసినవారిది. ఆ 7090లు 1972 నాటికి పక్కకు తప్పుకున్నాయి. ఐబీఎం ఈ అనుభవాన్నే తన 360 శ్రేణి యంత్రాలకు అనువుగా మలచి ఇతర విమాన సంస్థలకూ అమ్మింది. దాని వారసురాలే 1979లో టీపీఎఫ్ అనే పేరు పొందిన వ్యవస్థ. యంత్రాలు ఎన్ని తరాలు మారినా పీఎన్నార్ మాత్రం చెక్కుచెదరలేదు. విమాన టికెట్టు మీద ఆరు అక్షరాంకెల గుర్తుగా ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. హార్డువేరు అరిగిపోతుంది, మంచి పద్దు నిలుస్తుంది.

ఇంతవరకూ పూర్వార్ధం.

1976లో ఈ తెరలు విమాన సంస్థ గదులు దాటి ట్రావెల్ ఏజెంట్ల బల్లల మీదికి వచ్చాయి. యునైటెడ్ సంస్థ కూడా 'అపోలో' అనే తన వ్యవస్థతో అదే పని చేసింది. రెండేళ్ళకు, 1978 అక్టోబరులో, అమెరికా ప్రభుత్వం విమాన ఛార్జీల మీదా మార్గాల మీదా తన అదుపును సడలించే చట్టం తెచ్చింది. కొత్త సంస్థలు పుట్టాయి, ధరలు రోజుకొక తీరుగా మారసాగాయి. ముద్రించిన టైంటేబులు పుస్తకంతో నెట్టుకురావడం ఏజెంటుకు అసాధ్యమైంది. తెర ఒక్కటే దిక్కు. ఆ తెరలో అన్ని సంస్థల విమానాలూ కనిపించేవి. కాని తెర మాత్రం ఒక సంస్థది.

తెర మీద పట్టేవి కొద్ది వరుసలే. ఫోనులో అవతల మనిషి వేచి ఉంటే ఏజెంటు రెండవ పుట దాకా పోడు. ఎక్కువ టికెట్లు మొదటి పుటలోనే, అందులోనూ పై వరుసల్లోనే అమ్ముడవుతాయని తెర యజమానులు గ్రహించారు. ఇక కిటుకు సులభం. ప్రయాణికుడు కోరిన వేళకూ విమానం వేళకూ ఎంత తేడా, ప్రయాణం ఎంత పొడవు, మధ్యలో మారాలా, వీటికి మార్కులు వేసి వరుస కట్టడమే ప్రోగ్రాము పని. ఆ మార్కుల్లో పరాయి సంస్థకు కాస్త కోత పెడితే చాలు, దాని విమానం అడుగుకు జారిపోతుంది. దీనికి లోపలివారు 'స్క్రీన్ సైన్స్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు! 1981లో న్యూయార్క్ ఎయిర్ అనే చిన్న సంస్థ న్యూయార్కు, డెట్రాయిట్‌ల మధ్య నడిపిన విమానాలు సేబర్ తెర మీద కిందికి దిగిపోయి, బుకింగులు పడిపోయాయన్నది ఆనాటి ప్రసిద్ధమైన ఫిర్యాదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారు మన పెద్దలు. వడ్డించేవాడు మన దాయాది అయితే? మొదటి బంతిన కూర్చున్నా విస్తరి ఖాళీయే.

అమెరికన్ సంస్థ అధినేత రాబర్ట్ క్రాండల్ ఇందులో దాపరికం పాటించలేదు. మా విమానాలను ముందు చూపి అమ్మకాలు పెంచుకోవడానికే కదా ఇంత డబ్బుపోసి ఇది కట్టుకున్నామన్న ధోరణిలో అమెరికా చట్టసభ ముందు వాదించాడు. ఆ వాదంలో బలం లేకపోలేదు. పెట్టుబడి వారిది, తెగువ వారిది. తన దుకాణంలో తన సరుకును ముందు వరుసలో పేర్చుకునే వర్తకుణ్ణి ఎవరూ తప్పుపట్టరు. కాని దుకాణానికి వెళ్ళినవాడికి అది దుకాణమని తెలుసు. ఇక్కడ కొనేవాడికి అది టైంటేబులులా కనిపించింది. అది పంచాంగం వేషంలో వచ్చిన ప్రకటన. నా అభ్యంతరమంతా ఆ వేషం మీదనే.

1984 నవంబరులో ప్రభుత్వ నిబంధన వచ్చింది. సంస్థ పేరును బట్టి వరుస కట్టరాదన్నారు. అయినా ముడి పూర్తిగా వీడలేదు. మధ్యలో సంస్థ మారే ప్రయాణాన్ని, ఒకే సంస్థలో సాగే ప్రయాణం కంటే కిందికి దించడం వంటి నియమాలు నిలిచాయి. చూడటానికి అందులో ఎవరి పేరూ లేదు. కాని పెద్ద సంస్థకు అది మేలు చేస్తుంది, దేశాంతరంనుంచి వచ్చి చిన్న విమానం అందుకోవలసినవాడి దారిని దాచేస్తుంది. ఐరోపాలోనూ 1989లో ఇటువంటి నియమావళి వచ్చింది. సేబర్ 1996లో వాటాలు అమ్మి, 2000 మార్చిలో తల్లి సంస్థనుంచి పూర్తిగా వేరుపడింది. తెరలు విమాన సంస్థల చేతిలో లేవు కనుక ఇక అక్కరలేదని, 2004లో అమెరికా ఆ నిబంధనలను ఎత్తివేసింది. 2011 నవంబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దివాలా చట్టం నీడకు చేరింది. విమానాల లెక్క రాయడానికి పుట్టిన గుమస్తా మాత్రం వేరు కాపురంలో ఉంది.

మన రైళ్ళ కథ పోల్చి చూడదగినది. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషన్లు మొదలయ్యాయి. ఏ ఊరినుంచైనా ఏ ఊరికైనా టికెట్టు ఇవ్వగల 'కాన్సర్ట్' వ్యవస్థ 1994లో మొట్టమొదట మన సికింద్రాబాదులోనే అమలయింది, 1999 నాటికి దేశమంతా అల్లుకుంది. అక్కడ పోటీదారు లేడు కనుక ఆ ప్రలోభం కూడా లేదు. అయితే నాకు అందులో నచ్చేది మరొకటి. వెయిటింగ్ లిస్టులో మన స్థానం ఎంతో మనకు అంకెతో సహా కనిపిస్తుంది. అత్యవసర కోటా అనే పక్కదారి ఉంది, నిజమే. కాని ఆ దారికి ఒక పేరుంది, అది ఉందని అందరికీ తెలుసు.

వేచి ఉన్న మనిషి అడిగేది ఇంతే. ముందు పిలవమని కాదు, ఏ లెక్కన పిలుస్తున్నారో చెప్పమని.

వరుస లేని జాబితా ఉండదు. డేటాబేసును అడిగే ప్రశ్న చివర 'ఆర్డర్ బై' అని రాసిన ప్రతిసారీ మనం ఎవరినో ముందుకు పిలుస్తున్నాం, ఎవరినో వెనక్కు నెడుతున్నాం. సేబర్ కాలంలో ఆ మాట ఒక ఏజెంటు తెరకే పరిమితం. ఈనాడు సరుకులు, ఉద్యోగాలు, వార్తలు, ఆఖరికి పెళ్ళి సంబంధాలు కూడా ఎవరో కట్టిన వరుసలోనే మన కంట పడుతున్నాయి. ఆ వరుసలు కట్టే వృత్తిలో మన తెలుగువారు తక్కువేమీ లేరు. వడ్డన మన చేతిలో ఉన్నప్పుడు ఏ లెక్కన వడ్డిస్తున్నామో బంతిలో కూర్చున్నవారికి తెలిసేటట్టు గోడ మీద రాసిపెట్టడం మన పనిలో భాగమేనని నేననుకుంటాను.