పాడైన చిప్‌లో పుట్టిన జ్ఞాపకం

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఈప్రామ్ ప్రోగ్రామర్ చిప్పుల్ని చదువుతోంది గానీ, రాయడం లేదు. మూత విప్పి మీటర్ పెట్టి చూశాను. 2716 చిప్‌లో రాయాలంటే 25 వోల్టులు కావాలి. 19 కూడా రావట్లేదు. ఉబ్బిన కెపాసిటర్ మార్చి, సాకెట్ ఖాళీగా ఉంచి, ప్రీసెట్ తిప్పుతూ 25కి తెచ్చాను.

అసలు ఈప్రామ్ పుట్టిందే పాడైన చిప్పుల్ని పరీక్షిస్తుండగా. కనెక్షన్ తెగిన గేట్లలో విద్యుదావేశం చిక్కుకుపోతోందని ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ గమనించాడు. ఆ లోపాన్నే జ్ఞాపకంగా మలిచాడు. 1971లో వచ్చిన 1702లో పట్టేది 256 బైట్లే. పైన క్వార్ట్జ్ కిటికీ. అందులోంచి అతినీలలోహిత కాంతి ఓ 20 నిమిషాలు పడితే అంతా చెరిగిపోతుంది.

ఏ కాంతీ పడకపోయినా, ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. మిషన్‌తో పాటు లేబుల్ చిరిగిన పాత చిప్ ఒకటి వచ్చింది. రాయడం కుదిరిన రోజు కొత్తగా ఏమీ రాయలేదు. ముందు దాన్ని చదివి, కాపీ దాచాను.