కల్యాణ పరిసు: ఇంటిలోపలి ప్రేమకథ

1950వ దశకపు తమిళ చలనచిత్రంలో మాటదే పైచేయి. ద్రావిడ ఉద్యమం నుంచి వచ్చిన రచయితలు సుదీర్ఘమైన సంభాషణల ద్వారా తమ భావాలను ప్రచారం చేయగా, 1952 నాటి ‘పరాశక్తి’ ఆ పద్ధతికి ప్రమాణంగా నిలిచింది. శివాజీ గణేశన్ వాగ్ధాటికీ, ఎం.జి. రామచంద్రన్ కత్తియుద్ధాలకూ అలవాటుపడిన ప్రేక్షకుల ముందుకు 1959 ఏప్రిల్ 9న వచ్చిన ‘కల్యాణ పరిసు’, అంటే పెళ్ళి కానుక, ఒక అక్క కుట్టుపని మీద బతుకు వెళ్ళదీసే సామాన్య కుటుంబాన్ని కథావస్తువుగా ఎంచుకుంది.

దర్శకుడు సి.వి. శ్రీధర్‌కు అప్పటికి పాతికేళ్ళు. చెంగల్పట్టు ప్రాంతంలో పుట్టి, ‘రత్తపాసం’ నాటకంతో గుర్తింపు పొంది, ‘ఎదిర్‌పారాదదు’ (1954), ‘అమరదీపం’ (1956) వంటి చిత్రాలకు రచయితగా పనిచేసిన ఆయన, భాగస్వాములతో కలసి నెలకొల్పిన వీనస్ పిక్చర్స్ ద్వారానే తొలిసారి దర్శకత్వం చేపట్టారు. మాటలు రాయడంలో చేయి తిరిగినవాడే మాటలను తగ్గించడానికి పూనుకోవడం ఇక్కడ గమనించదగినది. పాత్ర నోట పలికించవలసిన బాధను ఆయన ఛాయాగ్రాహకుడు ఎ. విన్సెంట్ కెమెరాకు అప్పగించారు.

కథలో భాస్కర్ (జెమినీ గణేశన్), వసంతి (బి. సరోజాదేవి) కళాశాల సహాధ్యాయులు. అతడు రాసిన ప్రేమలేఖను ఆమె ప్రిన్సిపాల్‌కు అందజేయగా అతని చదువు ఆగిపోతుంది, ఆ పశ్చాత్తాపం నుంచే ఆమెలో ప్రేమ పుడుతుంది. తరువాత వాళ్ళ ఇంట్లోనే అద్దెకు దిగిన భాస్కర్ జబ్బుపడినప్పుడు సేవచేసిన అక్క గీత (విజయకుమారి), చెల్లెలి సంగతి తెలియక అతన్ని మనసులో నిలుపుకుంటుంది. వసంతి తన ప్రేమను దాచి అక్కతో పెళ్ళికి అతన్ని ఒప్పిస్తుంది. ప్రేమకథల్లో అడ్డు నిలిచే కులం, ఆస్తి, కఠినుడైన తండ్రి, ప్రతినాయకుడు ఎవరూ ఈ కథకు అవసరం కాలేదు, ఎందుకంటే ఇక్కడ ప్రేమకు అడ్డుపడినది తోబుట్టువు మీది ప్రేమే. త్యాగం చేసిన వసంతినే ఎక్కువమంది తలచుకుంటారు గాని, నిజం తెలియకుండా కాపురం చేసి, తెలిశాక కుంగిపోయి మరణించే గీత పాత్రే ఈ చిత్రంలో అత్యంత బరువైనది; ఆ త్యాగంలో ఆమె ప్రమేయం గాని, అనుమతి గాని లేవు.

సంగీతం ఎ.ఎం. రాజా సమకూర్చారు. చిత్తూరు జిల్లా రామచంద్రాపురంలో పుట్టి గాయకుడిగా స్థిరపడిన రాజా, సంగీత దర్శకుడిగా తెలుగు ‘శోభ’ (1958)తో మొదలుపెట్టి, తమిళంలో ఈ చిత్రంతో అడుగుపెట్టారు. నాయిక సంతోషంలో పి. సుశీల గొంతున విన్న బాణీనే తరువాత నాయకుడి దుఃఖంలో రాజా తన గొంతుతో పాడడం వల్ల, శ్రోతకు పోగొట్టుకున్నది ఏమిటో వేరే చెప్పనక్కరలేకపోయింది. పాటల రచయిత పట్టుక్కోట్టై కల్యాణసుందరం అదే ఏడాది అక్టోబరులో, 29 ఏళ్ళకే కన్నుమూశారు.

ఇంత విషాదం మధ్య, ఉద్యోగం ఉందని భార్యకు అబద్ధమాడే భర్తగా కె.ఎ. తంగవేలు, భార్యగా ఎం. సరోజ పండించిన హాస్యం కూడా జనానికి ఎంతో నచ్చింది. నాయికానాయకులు కలవని ముగింపును ప్రేక్షకులు తిరస్కరించలేదు. చిత్రం రజతోత్సవం, అంటే 25 వారాల ప్రదర్శన, జరుపుకుంది. జాతీయ పురస్కారాల్లో యోగ్యతా పత్రం పొందింది. సరోజాదేవిని అగ్రతారల వరుసలో నిలిపింది.

కుటుంబం లోపలి ఘర్షణ కాబట్టి ఈ కథకు భాష అడ్డు కాలేదు. శ్రీధరే దీన్ని తెలుగులో ‘పెళ్ళి కానుక’ (1960)గా, హిందీలో ‘నజరానా’ (1961)గా తీశారు. తెలుగులో సంగీతమూ రాజాదే, వసంతి పాత్రా సరోజాదేవిదే, అక్కగా కృష్ణకుమారి నటించారు. తమిళ చిత్రం చివర భాస్కర్ తన బిడ్డను వసంతికి పెళ్ళి కానుకగా అప్పగించే వేళ, ఆమె పక్కన వరుడిగా ఉన్నది అక్కినేని నాగేశ్వరరావు. తెలుగులో ఆయనే నాయకుడై ఆ బిడ్డను ఇచ్చేవాడయ్యారు. హిందీలో నాయకుడు రాజ్ కపూర్ కాగా, తమిళంలో బిడ్డను ఇచ్చిన జెమినీ గణేశన్ అక్కడ అతిథి పాత్రలో కనిపించారు.