ప్రవాసం – నివాసం: గ్రిఫిన్ దంపతుల ఆస్ట్రేలియా కాపురం

సంస్కృతంలో ‘వస్’ అనే ధాతువుకు ఉండడం, వసించడం అని అర్థం. దానికి ‘ప్ర’ అనే ఉపసర్గ చేరితే ప్రవాసం, అంటే ఇల్లు విడిచి దూరాన ఉండడం. ‘ని’ చేరితే నివాసం, అంటే కుదురుగా ఉండడం. ధాతువు ఒక్కటే, ముందు నిలిచిన ఒక్క అక్షరమే బ్రతుకును అటో ఇటో తిప్పుతుంది. పరదేశం వెళ్ళినవాడికి ఈ ‘ప్ర’ ఎప్పుడు ‘ని’గా మారుతుంది? పౌరసత్వం చేతికి వచ్చిననాడా? సొంత ఇల్లు కొన్ననాడా? పిల్లలు సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో కాపురం పెట్టిన తెలుగు ఇళ్ళలో ఇది తరచు మెదిలే ప్రశ్నే. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు నూరేళ్ళనాటి ఒక అమెరికన్ జంట గుర్తుకు వస్తుంది. వారి కథ షికాగోలో మొదలై, ఆస్ట్రేలియాలో పండి, ఒక మలుపు మన లక్నోలో తిరిగింది.

భర్త వాల్టర్ బర్లీ గ్రిఫిన్, భార్య మేరియన్ మహోనీ. ఇద్దరూ వాస్తుశిల్పులు, ఇద్దరూ ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర పనిచేసినవారు. మేరియన్ భర్తకంటే అయిదేళ్ళు పెద్ద. 1894లోనే ఎం.ఐ.టి.లో వాస్తుశాస్త్ర పట్టం పుచ్చుకున్న విదుషీమణి. 1911లో వారి పెళ్ళయింది. ఆ ఏడాదే ఆస్ట్రేలియా ప్రభుత్వం తన కొత్త రాజధానికి నమూనాలు కావాలని ప్రపంచవ్యాప్తంగా పోటీ ప్రకటించింది. 137 నమూనాలు వచ్చాయి. 1912 మే నెలలో మొదటి బహుమతి గ్రిఫిన్‌కు దక్కింది. కొండలనూ లోయలనూ చెరపకుండా, వాటినే నగరానికి ఆధారరేఖలుగా చేసుకున్న నమూనా అది. దాన్ని కళ్ళకు కట్టించినవి మేరియన్ గీసిన చిత్రాలు. చిత్రమేమిటంటే, అప్పటికి ఆ దంపతులిద్దరూ ఆ నేలను కంటితో చూడనే లేదు.

ఆ నిర్ణయానికి ఆమోదముద్ర వేసిన మంత్రి పేరు కింగ్ ఓమాలీ. ఆయనా ఉత్తర అమెరికానుంచి వచ్చినవాడే. తాను కెనడాలో పుట్టానని, కనుక బ్రిటిష్ ప్రజనేనని ఆయన చెప్పుకునేవాడు. అమెరికాలోని కాన్సాస్‌లో పుట్టి ఉండవచ్చునని చరిత్రకారుల అభిప్రాయం. అమెరికాలో పుట్టానంటే పార్లమెంటు మెట్లు ఎక్కడం కష్టమయ్యేది. కుదురుకోవడానికి ఇదొక దారి: పుట్టిన ఊరు మరుగుపరచి కొత్త దేశంలో కలిసిపోవడం. గ్రిఫిన్ దంపతులు ఆ దారి పట్టలేదు.

వాల్టర్ 1913 ఆగస్టులో ఆస్ట్రేలియా వచ్చాడు. రాజధాని నిర్మాణానికి డైరెక్టరుగా నియమితుడై, ఇల్లు సర్దుకోవడానికి వెనక్కి వెళ్ళి, 1914 మే నెలలో భార్యతో కలిసి తిరిగి వచ్చాడు. ఆ వెంటనే ప్రపంచయుద్ధం వచ్చిపడింది, డబ్బు కరువయింది. అధికారులకు ఈ విదేశీయుడి నమూనా రుచించలేదు. కావలసిన కొలతలు, పటాలు అందనీయలేదు. 1917లో రాయల్ కమిషన్ విచారించి, అధికారులు ఆయన పనికి అడ్డుపడిన మాట నిజమేనని తేల్చింది. అయినా పరిస్థితి చక్కబడలేదు. 1920 చివర ఆయనకు రాజధానితో సంబంధం తెగిపోయింది.

పని పోయిన ప్రవాసి సాధారణంగా ఓడ టిక్కెట్టు కొనుక్కుంటాడు. వీరు కొనుక్కోలేదు. నా కుతూహలమంతా ఇక్కడే. ఉద్యోగం వదిలినా దేశం వదలని ఈ దంపతులను పట్టి ఉంచినదేమిటి?

చెట్లు అని నా సమాధానం. షికాగో చెట్లు శరత్తులో ఆకులు రాలుస్తాయి. ఆస్ట్రేలియా యూకలిప్టస్ ఆకులు అలాగే ఉంచుకుని బెరడు రాలుస్తుంది. మన పొలాల్లో జామాయిల్ అని పిలుచుకునేది ఈ కుటుంబపు చెట్టునే. అదీ ఆ ఖండంనుంచి మన దేశానికి వలస వచ్చినదే. ఆంగ్లేయ సంతతివారు చాలామంది ఆ అడవిని నరికి, ఓక్ చెట్లూ గులాబీ తోటలూ పెంచి, విడిచివచ్చిన ఇంగ్లండును మళ్ళీ కట్టుకోవాలని చూశారు. మేరియన్ మాత్రం కుంచె పట్టుకుని అడవిలో కూర్చుంది. ఒక్కొక్క చెట్టునూ ఒక్కొక్క మనిషిలా, దాని వంపూ వయసూ తెలిసేలా చిత్రించింది. ఆ చిత్రాలను ‘అడవి చిత్తరువులు’ అన్నారు. చిత్తరువు అనే మాట మనం మనుషులకే వాడతాం. ఆమె దాన్ని చెట్లకు ఇచ్చింది.

వారి సంసారం కూడా అంత తేలికగానే ఉండేది. మెల్‌బోర్న్‌లో న్యూమన్ కళాశాల, కాపిటల్ థియేటరు వంటి గొప్ప కట్టడాలకు రూపమిచ్చినవారు, తమకోసం 1920లో కట్టుకున్న ఇల్లు ఇంచుమించు 21 అడుగుల చదరం. వాల్టర్ కనిపెట్టిన ‘నిట్‌లాక్’ అనే సిమెంటు పలకలను ఒకదానిలో ఒకటి బిగించి కట్టినది. నడుమ ఒకటే గది, చుట్టూ పడకకూ వంటకూ మూలలు; వాటికి తెరలే అడ్డు. దానికి ‘ఫోలియోటా’ అని పేరు పెట్టుకున్నారు. అది ఒక పుట్టగొడుగు జాతి పేరు! వాన పడితే నేలలోంచి తనంతట తాను లేచినట్టుండే ఇంటికి అంతకంటే తగిన పేరేముంటుంది?

1925లో సిడ్నీకి మకాం మార్చారు. అక్కడ రేవు ఒడ్డున రాతిగుట్టల మీద వాల్టర్ స్థాపించిన సంస్థ 650 ఎకరాలు కొన్నది. అందులో మొదట లేచినది కాసిల్‌క్రాగ్. ఈ ఊరికి వాల్టర్ పెట్టిన నియమాలు చూడండి. వీధులు కొండ వంపులను అనుసరించాలి. ఇళ్ళు అక్కడి రాతితోనో నిట్‌లాక్‌తోనో కట్టాలి. ఎర్ర పెంకుల కప్పులు వద్దు, ఇళ్ళ మధ్య కంచెలు వద్దు. నీటి ఒడ్డు ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. అక్కడ ఉండే ప్రతివారికీ ఆ దృశ్యమంతా తనదేననిపించాలని ఆయన కోరిక. గట్టు తగాదాలు ఎరిగిన మనకు కంచె లేని ఊరు వింతగానే తోస్తుంది.

1932లో హార్బర్ వంతెన తెరిచేదాకా నగరానికి వెళ్ళాలంటే ఫెర్రీలో రేవు దాటవలసిందే. నగరంలో దొరికే వినోదం ఊళ్ళో ఎలా? మేరియన్ ఒక లోయను రంగస్థలం చేసింది. ప్రేక్షకులకు రాళ్ళే ఆసనాలు, చెట్లే తెరలు. ఊరివారే వేషాలు కట్టి ప్రాచీన గ్రీకు నాటకాలు ఆడారు. మన ఊళ్ళలో వీథి నాటకం చేసే పని అదే కదా: ఒకచోట ఉన్నవారిని ఒక ఊరివారుగా చేయడం. ఇంతలో ఆర్థికమాంద్యం వచ్చి స్థలాలు కొనేవారు కరువయ్యారు. పూట గడవడానికి వాల్టర్ మునిసిపాలిటీలకు చెత్త దహనశాలలు కట్టాడు. వాటినీ ఆలయమంత శ్రద్ధగానే కట్టాడు.

ఈ ప్రేమకు ఒక హద్దున్నదని కూడా చెప్పాలి. కాన్‌బెర్రా నేల ఖాళీ నేల కాదు. అక్కడ వేల ఏళ్ళుగా ఙున్నవాల్ ప్రజలు ఉన్నారు. మన వర్ణమాలలో పదాదిని కానరాని ‘ఙ’తో వారి పేరు మొదలవుతుంది. పోటీ ప్రకటించిన ప్రభుత్వం వారిని లెక్కలోకి తీసుకోలేదు. గ్రిఫిన్ నమూనా కొండలను గౌరవించింది. ఆ కొండలకు పేర్లు పెట్టుకున్నవారికి అందులో చోటు లేదు. చెట్టును చూసిన కంటికి, చెట్టుకింది మనిషి కనబడలేదు.

1935లో లక్నో విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి నమూనా గీయమని వాల్టర్‌కు పిలుపు వచ్చింది. ఆ పనిమీద వచ్చినవాడు ఇక్కడే చిక్కుకుపోయాడు. పయనీర్ పత్రిక భవనం, 1936–37 పారిశ్రామిక ప్రదర్శన మంటపాలు గీశాడు. 1936లో మేరియన్ వచ్చి చేరింది. 1937 ఫిబ్రవరి 11న, పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగిన తర్వాత ఆయన లక్నోలోనే కన్నుమూశాడు. వయసు అరవై. యాభై ఏళ్ళదాకా ఆ సమాధికి పేరు చెక్కిన రాయి కూడా లేదు. మేరియన్ సిడ్నీ వెళ్ళి వ్యవహారాలు చక్కబెట్టి, 1938లో షికాగో చేరింది. 1961లో మరణించింది. కాన్‌బెర్రాలో ఆయన కలగన్న సరస్సు 1964లో నిండింది. దానికి బర్లీ గ్రిఫిన్ పేరే పెట్టారు.

ఆయన పుట్టినచోట లేడు, ప్రేమించినచోటా లేడు. అయినా ఆయనను ప్రవాసి అనడానికి నాకు మనసొప్పదు. అధికారులు ఆయనను పరాయివాడిగా చూసిన ఏళ్ళలోనే ఆయన ఆ నేలకు సొంతవాడయ్యాడు. కాగితాలు దేశం ఇస్తుంది; నివాసం మనిషి సంపాదించుకోవాలి. అందుకే దూరదేశంలో ఇల్లు కొన్నామని పిల్లలు ఫోను చేస్తే, ఎన్ని పడకగదులని అడిగే ముందు మరో రెండు ప్రశ్నలు అడగవచ్చునేమో: మీ ఇంటిముందు చెట్టు పేరేమిటి? మీకంటే ముందు ఆ నేలమీద ఎవరుండేవారు?