తెలుగు కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు

ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు అనగా ఒక కంప్యూటరులో అప్పటివరకు నడుస్తున్న నిర్వాహక వ్యవస్థ స్థానంలో కొత్త రూపాంతరాన్ని గాని, పూర్తిగా వేరొక నిర్వాహక వ్యవస్థను గాని స్థాపించుట. దీనిని ఉన్నతీకరణ అని, వాడుకలో అప్‌గ్రేడ్ చేయడం అని అంటారు. పైకి ఇది సాంకేతిక విషయంగా కనిపించినా, తెలుగులో పని చేసేవారికి ఇది భాషకు, జీవనోపాధికి కూడా సంబంధించిన నిర్ణయం. కొత్త వ్యవస్థకు మారితే పాత తెలుగు ఫైళ్ళు చదవరాకుండా పోవచ్చు. మారకుంటే భద్రత కొరవడుతుంది, కొత్త పనులు ఆగిపోతాయి. తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి పట్టణాలలో డీటీపీ కేంద్రాలు, మీసేవా కేంద్రాలు, పాఠశాలలు నడిపేవారు ఎదుర్కొనే ప్రశ్న ఇదే.

నేపథ్యం

కంప్యూటరులోని యంత్రభాగాలకు, వాడుకరి ఉపయోగించే సాఫ్టువేరుకు మధ్యవర్తిగా ఉండేది ఆపరేటింగ్ సిస్టమ్. కీబోర్డుపై నొక్కిన మీట ఏ అక్షరమో గుర్తించడం, ఆ అక్షరాన్ని తెరపై గీయడం, ప్రింటరుకు పంపడం, ఫైలుగా భద్రపరచడం దీని ద్వారానే జరుగుతాయి. అందువలన ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు వీటిలో ఏది పని చేయకపోయినా మొత్తం పని నిలిచిపోతుంది.

తయారీదారులు ప్రతి రూపాంతరానికీ ఒక గడువు ప్రకటిస్తారు. ఆ గడువు దాటిన తరువాత కూడా కంప్యూటరు యథావిధిగా నడుస్తుంది. అయితే కొత్తగా బయటపడిన భద్రతా లోపాలకు సవరణలు రావు. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ విస్టాకు 2017 ఏప్రిల్ 11న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతును ముగించింది.

తెలుగు లిపి - విండోస్ రూపాంతరాలు

తెలుగు వాడుకరులకు కొత్త రూపాంతరానికి మారడానికి మొదటి బలమైన కారణం యూనికోడ్. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించినా, తెరపై అక్షరాలను ఒత్తులు, గుణింతాలతో సరిగా కూర్చే సామర్థ్యం ఆపరేటింగ్ సిస్టమ్‌లలో చాలాకాలం లేదు. విండోస్ 98లో తెలుగు యూనికోడ్‌కు అంతర్గత మద్దతు లేదు. 2000 సంవత్సరంలో వచ్చిన విండోస్ 2000 దేవనాగరి, తమిళ లిపులకు మాత్రమే మద్దతునిచ్చింది.

2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఖతి వచ్చింది. అయితే అది దానంతట అదే పని చేసేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లోని భాషా విభాగంలోకి వెళ్ళి, సంక్లిష్ట లిపుల ఫైళ్ళను ప్రత్యేకంగా స్థాపించవలసి వచ్చేది. అందుకు విండోస్ సీడీ కూడా అవసరమయ్యేది. సీడీ చేతిలో లేనివారికి తెలుగు పేజీలు డబ్బాలుగానో, విడిపోయిన అక్షరాలుగానో కనిపించేవి. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాను చదవడానికి తొలి రోజులలో చాలామందికి ఎదురైన అడ్డంకి ఇదే. 2007 జనవరి 30న ప్రజలకు విడుదలైన విండోస్ విస్టాలో ఈ అమరిక అవసరం లేకుండా తెలుగు నేరుగా కనిపించింది. 2009లో విండోస్ 7తో వాణి ఖతి, 2012లో విండోస్ 8తో నిర్మల యూఐ ఖతి చేరాయి.

విండోస్‌తో నిమిత్తం లేకుండా కూడా తెలుగు ఖతులు వెలువడ్డాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఖతులు తొలితరం యూనికోడ్ ఖతులలో ముఖ్యమైనవి. వీటిలో మొదటిది ఏ మహాకవి పేరును ధరించిందో, ఆ పోతన స్వగ్రామంగా ప్రసిద్ధి చెందిన బమ్మెర నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉన్నది. 2010ల ఆరంభంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర సంస్థ సహకారంతో పలు యూనికోడ్ ఖతులను ఉచితంగా విడుదల చేసింది. ఆ కాలంలో రాష్ట్ర సమాచార సాంకేతిక శాఖ మంత్రిగా ఉన్న పొన్నాల లక్ష్మయ్య జనగామ శాసనసభ్యుడు.

యూనికోడ్‌లో తెలుగు అక్షరాల చేర్పు తరువాత కూడా కొనసాగింది. ప్రాచీన శాసనాలలో కనిపించే ఴ అక్షరం 2014లోను, నకార పొల్లు 2021లోను చేరాయి. శాసనాలు, తాళపత్రాలపై పని చేసేవారికి పాత ఆపరేటింగ్ సిస్టమ్, పాత ఖతి ఉన్న కంప్యూటరులో ఈ అక్షరాలు ఖాళీ పెట్టెలుగానే కనిపిస్తాయి.

అను ఖతులు, పేజ్‌మేకర్ సమస్య

మారకుండా ఉండిపోవడానికి బలమైన కారణం కూడా తెలుగు లిపియే. యూనికోడ్ వ్యాపించక ముందు తెలుగు ముద్రణ రంగం అను, శ్రీలిపి వంటి ఖతుల మీద నిలబడింది. ఈ ఖతులలో తెలుగు అక్షరాల భాగాలను ఆంగ్ల అక్షరాల సంకేత స్థానాలలో అమర్చారు. కనుక ఫైలులో నిజానికి దాగి ఉండేవి ఆంగ్ల సంకేతాలు. ఆ ఖతి ఉన్నంతవరకు అవి తెలుగుగా కనిపిస్తాయి. ఖతి లేని కంప్యూటరులో అదే ఫైలు అర్థంలేని ఆంగ్ల అక్షరాల గుంపుగా మారిపోతుంది.

పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు, స్థానిక పత్రికలు, కవితా సంపుటాలు ఈ పద్ధతిలోనే సంవత్సరాల తరబడి తయారయ్యాయి. వీటి కూర్పునకు ఎక్కువగా వాడిన అడోబి పేజ్‌మేకర్ చివరి ప్రధాన రూపాంతరం 7.0 2001లో వచ్చింది. 2004లో అడోబి దాని అభివృద్ధిని నిలిపివేసింది. దాని వారసునిగా వచ్చిన ఇన్‌డిజైన్‌లో సీఎస్6 రూపాంతరం వరకే పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరుచుకుంటాయి. ఆ తరువాతి రూపాంతరాలు వాటిని తెరవవు.

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారినప్పుడు ఇక్కడ మూడు రకాల ఇబ్బందులు రావచ్చు. మొదటిది, 64 బిట్ల విండోస్‌లో 16 బిట్ల పాత ప్రోగ్రాములు నడవవు. 32 బిట్ల కూర్పు లభించిన చివరి రూపాంతరం విండోస్ 10. విండోస్ 11 కేవలం 64 బిట్లలోనే లభిస్తుంది. రెండవది, పాత ప్రింటర్లకు, స్కానర్లకు, సాఫ్టువేరు తాళంగా పని చేసే హార్డ్‌వేర్ పరికరాలకు 64 బిట్ల డ్రైవరు లేకపోతే అవి పనికిరావు. మూడవది, కీబోర్డు అమరికను నడిపే పాత సాఫ్టువేరు కొత్త వ్యవస్థలో పని చేయకపోతే, ఇరవై ఏళ్ళుగా ఒకే అమరికకు అలవాటుపడిన టైపిస్టు మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వస్తుంది.

పాత ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు లభిస్తున్నాయి. అయితే ఒత్తుల క్రమం, అరసున్న, విరామ చిహ్నాల వద్ద తప్పులు దొర్లే అవకాశం ఉన్నందున, మార్చిన ప్రతిని మూలంతో సరిచూడవలసి ఉంటుంది. ఈ శ్రమకు ఎవరూ పూనుకోకపోతే, ఆ ఖతులు నడిచే చివరి కంప్యూటరుతో పాటే ఆ సాహిత్యం కూడా మూగబోతుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి

2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. అంతకు ముందు ఈ మూడు పట్టణాలు వరంగల్ జిల్లాలో ఉండేవి. జిల్లా కేంద్రాలైన తరువాత ధ్రువపత్రాలు, దరఖాస్తులు, భూమి వ్యవహారాలకు సంబంధించిన కంప్యూటరు పని ఈ పట్టణాలకే చేరింది.

2011లో మొదలైన మీసేవా పథకం ద్వారా ప్రభుత్వ సేవలు ప్రైవేటు నిర్వాహకులు నడిపే కేంద్రాలలో లభిస్తున్నాయి. 2020 అక్టోబరు 29న ఆరంభమైన ధరణి, దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతి వంటి వ్యవస్థలు పూర్తిగా అంతర్జాలం మీద ఆధారపడినవి. ఇటువంటి కేంద్రాలలో వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకపు టోకెను, ప్రింటరు, బ్రౌజరు అన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన మరునాడు వీటిలో ఒక్కటి మొరాయించినా, ఊరినుంచి పని మానుకొని వచ్చిన రైతు వెనుదిరిగి పోవలసి వస్తుంది. మార్చకుండా ఉంచినా, కొంతకాలానికి బ్రౌజరుకు కొత్త రూపాంతరాలు రావడం ఆగిపోయి ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరుచుకోకుండా పోయే ప్రమాదం ఉన్నది.

మార్చకపోతే కలిగే ప్రమాదాలు

2017 మే 12న ప్రపంచవ్యాప్తంగా వ్యాపించిన వన్నాక్రై అనే పురుగు, కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు డిమాండు చేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. ఈ దాడికి దారినిచ్చిన లోపానికి మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చి 14నే సవరణ విడుదల చేసింది. దాడికి గురైన కంప్యూటర్లలో అత్యధికం విండోస్ 7 నడుస్తున్నవి. అనగా వాటికి అప్పటికి మద్దతు ఉన్నది, సవరణ కూడా వచ్చింది. దానిని స్థాపించుకోకపోవడమే నష్టానికి కారణమైనది. మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ దాడి తరువాత ప్రత్యేకంగా సవరణ ఇవ్వవలసి వచ్చింది.

తెలుగు లిపితో నేరుగా ముడిపడిన సంఘటన 2018 ఫిబ్రవరిలో జరిగింది. జ్ఞ అక్షరంతో కూడిన ఒక ప్రత్యేక సంకేత క్రమం సందేశంగా వస్తే, ఆపిల్ సంస్థ ఐఫోన్లలోను, మాక్ కంప్యూటర్లలోను అనువర్తనాలు కుప్పకూలేవి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దీనిని సరిదిద్దింది. వ్యవస్థను తాజాగా ఉంచుకొనుట ఎంత అవసరమో, లిపులను అక్షరాలుగా కూర్చే పని ఎంత సున్నితమైనదో ఈ సంఘటన తెలియజేస్తుంది.

విండోస్ 10 నుండి విండోస్ 11కు

2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11కు, అర్హత కలిగిన విండోస్ 10 కంప్యూటర్ల నుండి ఉచితంగా మారవచ్చును. అయితే అర్హత నియమాలు కఠినమైనవి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా 8వ తరం, ఆపై వాటికే ఆమోదం ఉన్నది. కనుక బాగా పని చేస్తున్న కంప్యూటరు కూడా, కేవలం 2018కి ముందుదైనందువలన, అర్హత కోల్పోవచ్చును.

అర్హత లేనివారి కొరకు, వెంటనే మారలేనివారి కొరకు మైక్రోసాఫ్ట్ పొడిగించిన భద్రతా సవరణల పథకాన్ని ప్రకటించింది. వ్యక్తిగత వాడుకరులకు ఇది 2026 అక్టోబరు 13 వరకు అని పేర్కొన్నది. సంస్థలు రుసుము చెల్లించి గరిష్ఠంగా మూడు సంవత్సరాలు పొందవచ్చును. ఇది ఆలోచించుకొనుటకు లభించే వ్యవధియే గాని శాశ్వత పరిష్కారం కాదు.

లినక్సు ప్రత్యామ్నాయం

పాత కంప్యూటరును పారవేయకుండా లినక్సు స్థాపించుకొనుట మరొక మార్గం. సీడాక్ రూపొందించిన బాస్ లినక్సు 2007లో వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా పని చేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖంతో కూడిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది. ఈ రెండింటికీ డెబియన్ ఆధారం. లోహిత్ తెలుగు వంటి ఉచిత ఖతులు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లినక్సులో సులభంగా లభిస్తాయి. అంతర్జాలం చూచుటకు, ఉత్తరాలు, పాఠాలు తయారు చేయుటకు ఇది చాలును. పాఠశాలల విషయంలో కేరళ రాష్ట్రం స్వేచ్ఛా సాఫ్టువేరును విస్తృతంగా ప్రవేశపెట్టి దారి చూపింది.

కాని విండోస్ కొరకే తయారైన వేలిముద్ర పరికరాలు, గణాంకాల సాఫ్టువేరు, అను, పేజ్‌మేకర్ వంటివాటిపై ఆధారపడినవారికి లినక్సు ఒక్కటే సరిపోదు.

నిర్ణయానికి ముందు పరిశీలించవలసిన అంశాలు

* నిత్యం వాడే సాఫ్టువేరు, పరికరాల జాబితా తయారు చేసుకొని, ఒక్కొక్కదానికి కొత్త వ్యవస్థలో మద్దతు ఉన్నదో లేదో తయారీదారుల వద్ద తెలుసుకొనవలెను.
* ఫైళ్ళన్నింటిని రెండు వేర్వేరు చోట్ల నకలు చేసి, ఆ నకలు మరొక కంప్యూటరులో తెరుచుకుంటున్నదో లేదో చూడవలెను. పాత ఖతుల ఫైళ్ళను, స్థాపన సీడీలను కూడా భద్రపరచవలెను.
* ఒకటి కంటే ఎక్కువ కంప్యూటర్లు ఉన్నచోట, ముందుగా ఒక్కదానిని మార్చి కొన్ని రోజులు పని చేసి చూచుట మేలు.
* హార్డ్ డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ అమర్చుట, ర్యామ్ పెంచుట వలన పాత కంప్యూటరు వేగం పుంజుకోవచ్చును. మందగతి ఒక్కటే సమస్య అయితే కొత్త యంత్రం కొనుటకు ముందు దీనిని పరిశీలించవచ్చును.
* విండోస్ 11కు మారిన తరువాత నచ్చకపోతే సాధారణంగా 10 రోజులలోపు పాత రూపాంతరానికి తిరిగి వెళ్ళే వీలున్నది. గడువు దాటితే మొదటినుంచి స్థాపించవలసి ఉంటుంది.
* స్థాపన మధ్యలో కరెంటు పోతే వ్యవస్థ చెడిపోవచ్చును. యూపీఎస్ ఉండుట అవసరం. స్థాపన ఫైలు 5 జీబీకి పైగా ఉంటుంది గనుక అంతర్జాల సదుపాయాన్ని కూడా లెక్కలోనికి తీసుకొనవలెను.
* పాత సాఫ్టువేరు తప్పనిసరి అయితే, పాత కంప్యూటరును అంతర్జాలం నుండి విడదీసి కేవలం ఆ పనికే ఉంచుకొనవచ్చును. లేదా కొత్త కంప్యూటరులోనే వర్చువల్ యంత్రం ద్వారా, లైసెన్సు ఉన్న పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడుపుకొనవచ్చును. మైక్రోసాఫ్ట్ స్వయంగా 2009లో విండోస్ 7 వృత్తిపర రూపాంతరంతో ఎక్స్‌పీ మోడ్ పేరున ఇటువంటి సౌకర్యాన్ని కల్పించింది.

ఈ విధంగా పాత పనికి పాత యంత్రాన్ని, బ్యాంకు లావాదేవీలు, ప్రభుత్వ సేవల వంటి అంతర్జాల పనికి మద్దతు ఉన్న వ్యవస్థను వేరుచేయుట ఖర్చు తక్కువైన మధ్యేమార్గం. ఏ మార్గాన్ని ఎంచుకున్నా, పాత ఖతులలోని పాఠ్యాన్ని వీలున్నంత త్వరగా యూనికోడ్‌లోకి మార్చుకున్నవారికి తరువాతి మార్పు తేలికవుతుంది. యూనికోడ్‌లో ఉన్న తెలుగు ఏ ఒక్క సంస్థ ఖతి మీద, ఏ ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడదు.

ఇవి కూడా చూడండి

* యూనికోడ్
* తెలుగు లిపి
* ఇన్‌స్క్రిప్ట్
* లినక్సు
* మీసేవా